బోరు కింద వరి: ఆరుతడి గొట్టం ఎలా పెట్టాలి, ఎప్పుడు ఆపాలి?

ప్రశ్న (యాసంగి వరి): మాది ఎర్ర నేల, కింద బంకమట్టి పొర ఉంది. వరికి ఆరుతడి (ఎప్పుడూ నీరు నిలపకుండా, మడి కాస్త ఆరాక మళ్లీ తడపడం) ఇస్తే దిగుబడి తగ్గకుండా నీళ్లు మిగులుతాయంటున్నారు. మడిలో నీటిమట్టం చూసే గొట్టం కొలతలేంటి? నాటాక ఎప్పుడు మొదలుపెట్టాలి? కలుపు, యూరియా సంగతేంటి?

బోరుబావి (మొదటి జవాబు): 30 సెం.మీ. పొడవు, 10–15 సెం.మీ. వెడల్పున్న పీవీసీ ముక్క చాలండి. కింది 20 సెం.మీ. మేర చుట్టూ 2 సెం.మీ.కొకటి చొప్పున 5 మి.మీ. బెజ్జాలు వేసి, ఆ భాగం మట్టిలోకి దించండి. లోపలి మట్టి పూర్తిగా తోడేయాలి, చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. నీళ్లు పెట్టాక లోపలా బయటా మట్టం ఒకటిగా లేదంటే బెజ్జాలు బురదతో మూసుకుపోయినట్టే. గట్టుకు మీటరైనా ఎడంగా, మడిలో మరీ మెరక, మరీ పల్లం కాని చోట పెట్టండి.

నాటిన రెండు వారాలకు మొదలు. 5 సెం.మీ. నీళ్లు పెట్టి వదిలేయండి. గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెం.మీ. కిందికి దిగాకే మళ్లీ తడి. పైన మట్టి ఆరినా వేర్లకు నీరందుతుంది, కంగారొద్దు.

మడిగట్టు (రెండో జవాబు): పైది సరే, కానీ పూతకు వారం ముందు నుంచి పూత అయ్యాక వారం దాకా 5 సెం.మీ. నీరు నిలపాల్సిందే. అప్పుడు ఎండితే తాలు గింజలే. కలుపు మొలవకుండా నాటిన 3–5 రోజుల్లో ఎకరాకు ప్రెటిలాక్లోర్ 50 ఇ.సి. అనే కలుపు మందు 500 మి.లీ. పొడి ఇసుకలో కలిపి, పలుచగా నీరున్నప్పుడు చల్లండి. ఆ తర్వాత కొన్నాళ్లు నీరు తీయొద్దు. యూరియా బురద పదునులో చల్లి, 36–48 గంటలకు నీరు పెట్టాలి. చల్లి రోజుల తరబడి ఆరబెడితే నత్రజని నైట్రేటుగా మారుతుంది, మళ్లీ నీరు నిలవగానే గాలిలో కలిసిపోతుంది.

నల్లరేగడి (మూడో జవాబు): మాలాంటి నల్లరేగడి నేలైతే గొట్టంలో నీరు 10 సెం.మీ. కిందికి దిగగానే తడి ఇవ్వాలి. నెర్రెలిస్తే పెట్టిన నీరంతా వాటిలోకే పోతుంది. చౌడులో ఆరుతడి వద్దు, ఉప్పు పైకి తేలుతుంది. వంతు ఎప్పుడొస్తుందో తెలియని కాలువ చివరి భూములకూ ఇది జూదమే.

ఇంకో మాట. నీరు నిలిచిన మడి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వదులుతుంది, ఆరుతడితో అది బాగా తగ్గుతుంది. అంతవరకు లాభమే. కానీ కరెంటు ఉచితం కదా అని మిగిలిన నీటితో ఇంకో ఎకరం వరి నాటితే భూగర్భ జలం ఒక్క చుక్కా మిగలదు. ఆ ఎకరంలో నువ్వులో వేరుశనగో వేయండి.