బ్రిటన్ సముద్రంలో ఈటెతో చేపల వేట: మా తమ్ముడు దిగవచ్చునా?

మిర్యాలగూడ రైతుబిడ్డ

సభ్యులందరికీ నమస్కారం. మాది సాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడకు దగ్గరి పల్లెటూరు. మా తమ్ముడు ఇంగ్లండులోని ప్లిమత్‌లో చదువు పూర్తిచేసి అక్కడే ఉద్యోగంలో చేరాడు. ఈ మధ్య వాడు రబ్బరు పట్టీలతో ఈటెను వదిలే స్పియర్‌గన్ ఒకటి కొన్నానని, వేసవిలో సముద్రంలో మునిగి చేపలు కొడతానని చెప్పినప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ మనసు నిలకడగా లేదు.

వాడికి ఈత కొత్త కాదు. చిన్నప్పుడు నడుముకు బెండ్లు కట్టుకొని మా మోటబావిలో నేర్చుకున్నాడు, ఆ తరువాత బావి అడుగున వేసిన బిళ్లను ఒక్క మునకలో తెచ్చి పందెం గెలిచేవాడు. ఆ దమ్ము చూసుకొనే ఇప్పుడు ధైర్యం చేస్తున్నాడని నా అనుమానం. వీసా మీద ఉన్న మనిషి అలాంటి ఆయుధం పట్టుకొని తిరిగితే పోలీసులతో ఇబ్బంది రాదా, పరాయి దేశపు సముద్రంలో ఎవరుపడితే వారు చేపలు పట్టవచ్చునా, అన్నిటికంటే ముఖ్యంగా అందులో ప్రాణాపాయం ఎంత అన్నవి నా సందేహాలు. వద్దని గట్టిగా చెప్పాలో, జాగ్రత్తలు చెప్పి ఊరుకోవాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

వనపర్తి టు డెవన్

అన్నా, నేను ఆ తీరంలోనే ఉంటున్నాను, ఈ వేటతో పరిచయం ఉంది. మీ సందేహాలలో చట్టానికి సంబంధించినవి తేలికైనవి కనుక ముందు వాటిని తేల్చేస్తాను.

ఇంగ్లండులో సొంత వంటకు సముద్రపు చేపను ఈటెతో కొట్టడం నేరం కాదు, దానికి లైసెన్సు కూడా అవసరం లేదు. నదులలో, చెరువులలో మాత్రం 1975 నాటి సాల్మన్, మంచినీటి చేపల చట్టం ప్రకారం ఈటె వాడకూడదు. సాల్మన్, సీ ట్రౌట్ అనే చేపలు సముద్రంలో ఎదురుపడినా వాటి జోలికి వెళ్లకూడదు. మీ తమ్ముడు ముందుగా ఆశపడేది సీబాస్ మీదనే అయి ఉంటుంది. ఇది మన వైపు హోటళ్లలో వడ్డించే పండుగప్పను తలపించే చేప. 42 సెంటీమీటర్లకు తక్కువైన సీబాస్‌ను ఉంచుకోకూడదు. 2015 వరకు ఈ హద్దు 36 సెంటీమీటర్లు ఉండేది, ఆడచేప ఒక్కసారైనా గుడ్లు పెట్టే వయసుకు రావాలని దానిని పెంచారు. రోజుకు ఎన్ని పట్టవచ్చు, ఏ నెలలలో అసలు పట్టకూడదు అన్న నిబంధనలు తరచుగా మారుతుంటాయి కనుక, ప్రతి సంవత్సరం ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకున్న తరువాతే నీటిలో దిగాలి. సరదాకు పట్టిన సీబాస్‌ను హోటలుకు గాని స్నేహితులకు గాని అమ్మకూడదు.

దేశమంతటికీ వర్తించే చట్టాలతో పాటు స్థానిక నిబంధనలు కూడా ఉంటాయి. ఇంగ్లండు తీరాన్ని పది ప్రాంతీయ మత్స్య సంరక్షణ సంస్థలు పంచుకొని చూస్తాయి. ప్లిమత్ డెవన్‌లో ఉంది, టేమర్ నది దాటితే కార్న్‌వాల్, అక్కడ సంస్థ వేరు, నిబంధనలు వేరు. డెవన్ ఉత్తర తీరానికి ఎదురుగా ఉన్న లండీ ద్వీపం పక్కన 2003 నుంచి ఏ జీవినీ పట్టకూడని ప్రాంతం ఉంది. ఓడలు తిరిగే రేవులలో వాటి సొంత నిషేధాలు ఉంటాయి, ప్లిమత్‌లో నౌకాదళపు స్థావరం కూడా ఉంది కనుక రేవు అధికారులను అడగకుండా ఆ పరిసరాలలో మునగనే కూడదు. లాబ్‌స్టర్లు, ఎండ్రకాయలు పట్టాలంటే వాటికి వేరే కొలతలు, వేరే అనుమతులు ఉన్నాయి, గుడ్లతో ఉన్న లాబ్‌స్టర్‌ను ఎట్టి పరిస్థితిలోనూ పట్టకూడదు.

పోలీసుల సంగతి. రబ్బరుతో పనిచేసే స్పియర్‌గన్ అక్కడి తుపాకుల చట్టం కిందికి రాదు. అయితే 1988 క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం మొనదేలిన వస్తువును సరైన కారణం లేకుండా బహిరంగ ప్రదేశంలో వెంట ఉంచుకోవడం నేరం. సముద్రానికి వెళ్లి వస్తున్న మనిషి దగ్గర ఈత దుస్తులు, కాళ్లకు తొడిగే ఫిన్స్, ముసుగు అన్నీ ఉంటాయి కనుక అతని కారణం కళ్లముందే కనిపిస్తుంది. అదే తుపాకిని ఆఫీసుకో, స్నేహితుల విందుకో సంచిలో వేసుకొని వెళితే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఈటెను తుపాకి నుంచి వేరుచేసి, మొనకు తొడుగు పెట్టి, మూసిన సంచిలో తీసుకువెళ్లాలి. నీటిలోకి దిగిన తరువాతే రబ్బరు లాగాలి, ఒడ్డెక్కే ముందే దించాలి.

ఇక అసలు విషయం సముద్రం. మోటబావికి, దీనికి పోలికే లేదు. ప్లిమత్‌లో అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులలో పోటుకు, పాటుకు మధ్య నీటిమట్టం దాదాపు 5 మీటర్లు మారుతుంది. అష్టమి దాటిన రోజులలో ఆ తేడా 2 మీటర్ల పైచిలుకు మాత్రమే. ఉత్తరాన బ్రిస్టల్ ఛానెల్ పైభాగంలోనైతే 14 మీటర్ల వరకు ఉంటుంది, ప్రపంచంలోనే అతి పెద్ద ఆటుపోట్లలో అదొకటి. అంత నీరు సుమారు ఆరు గంటలలో రావాలి, మళ్లీ ఆరు గంటలలో పోవాలి కనుక కొండకొమ్ముల దగ్గర, అగాధాల అంచున ప్రవాహం ఎంత గట్టి ఈతగాడినైనా తనతో తీసుకుపోతుంది. డోర్సెట్ తీరంలోని పోర్ట్‌లాండ్ బిల్ దగ్గర పడవలవారే ఆ ప్రవాహానికి దూరంగా తిరిగి వెళతారు. అందుకే అనుభవం ఉన్నవారు పంచాంగం చూసినట్లు ఆటుపోట్ల పట్టిక చూసి, తేడా తక్కువగా ఉన్న రోజున, నీరు మలుపు తిరిగే ముందు కాసేపు నిలకడగా ఉండే వేళలోనే దిగుతారు. గాలి, అలలు కూడా కలిసిరావాలి. నైరుతి గాలి రెండు రోజులు గట్టిగా వీస్తే ఇసుక లేచి చేయి చాచినా కనిపించదు, వసంతం చివర సూక్ష్మజీవులు పెరిగి నీరు పచ్చగా మారుతుంది. ఎండాకాలం మొదట్లో కంటే ఆగస్టు, సెప్టెంబరు నెలలలో నీరు వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం అంటే 17 డిగ్రీల దరిదాపు అని మీ తమ్ముడికి గుర్తుచేయండి. ఫిబ్రవరి, మార్చిలో అది 9కి దిగుతుంది. అందుకే వేసవిలోనూ 5 మిల్లీమీటర్ల, చలికాలంలో 7 మిల్లీమీటర్ల మందం దుస్తులు కావాలి, వాటి తేలుడును తట్టుకోవడానికి సీసపు బరువుల నడికట్టు కావాలి, ఆపదలో ఒక్క చేత్తో విప్పి వదిలేయగలిగినదే కొనాలి.

నల్లగొండ మత్తు డాక్టరు

పైన చెప్పినవన్నీ సరైనవే. దమ్ము గురించి మాత్రం వైద్యుడిగా కొంత చేర్చాలి. ఎందుకంటే ఈ వేటలో చనిపోయేవారు ఎక్కువగా ఈత రానివారు కాదు, బాగా దమ్ము ఉన్నవారు.

ఊపిరి పీల్చుకోవాలన్న తపనను పుట్టించేది ప్రధానంగా రక్తంలో ఆక్సిజన్ తగ్గడం కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరగడం. మునిగే ముందు గబగబా పెద్ద శ్వాసలు తీస్తే ఆ వాయువు బయటికి పోతుంది, కాని ఆక్సిజన్ నిల్వ చెప్పుకోదగినంత పెరగదు. కనుక తపన రావలసిన వేళకు రాదు. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెండింతలవుతుంది, ఊపిరితిత్తులలో ఉన్న కొద్ది ఆక్సిజన్ కూడా ఆ ఒత్తిడి వల్ల రక్తంలోకి చక్కగా వెళుతుంటుంది కాబట్టి అడుగున హాయిగానే ఉంటుంది. పైకి వస్తున్నప్పుడు ఒత్తిడి తగ్గి, అదే ఆక్సిజన్ ఉన్నట్లుండి చాలకుండా పోయి, చివరి కొద్ది మీటర్లలోనో, నీటిపైకి వచ్చిన తరువాత మొదటి శ్వాసల మధ్యనో స్పృహ తప్పుతుంది. ముందు హెచ్చరిక ఏమీ ఉండదు. పక్కన మనిషి ఉంటే ముఖాన్ని నీటిపైకి ఎత్తి పట్టుకుంటే చాలు, చాలామంది తేరుకుంటారు. ఎవరూ లేకపోతే అది నీటిలో మునిగి మరణించడమే.

బావిలో బిళ్ల తేవడం ఒక్క మునక పని. వేట అలా కాదు, గంటల తరబడి మునుగుతూ లేస్తూ ఉండాలి. అలసట తెలియకుండానే పేరుకుంటుంది, ఎదుట పెద్ద చేప నిలబడినప్పుడు మరికొన్ని క్షణాలు ఆగుదామనిపిస్తుంది. అందుకే నీటి అడుగున ఉన్న సమయానికి కనీసం రెట్టింపు సమయం పైన విశ్రాంతి తీసుకోవాలని శిక్షకులు చెబుతారు, ఇద్దరిలో ఒకరు మునిగినప్పుడు రెండవవారు పైనే ఉండి, మునిగిన మనిషి పైకి వచ్చిన తరువాత కూడా అర నిమిషం కళ్లు తిప్పకూడదంటారు. జలుబు ఉన్న రోజున చెవులలో ఒత్తిడి సరిచేసుకోవడం కుదరదు, ఆ రోజు మునగకూడదు. చల్లని నీటిలో మొదటి నిమిషం, నిమిషంన్నర పాటు శ్వాస అదుపు తప్పుతుంది, అది సర్దుకునే దాకా వెల్లకిలా తేలుతూ ఉండాలే తప్ప మునక మాట తలపెట్టకూడదు.

సోమశిల పుట్టి

మేము కృష్ణలో పుట్టి మీద వలవేసి బతికేవాళ్లం, సముద్రం చూసింది తక్కువ. నాకు ఒక సంగతి నచ్చింది, ఒక సంగతి నచ్చలేదు.

నచ్చిందేమిటంటే, ఈటె పట్టిన మనిషి చేపను చూసి, కొలత అంచనా వేసి, ఆ తరువాత కొడతాడు. మా దగ్గర ప్రభుత్వం నిషేధించినా కొందరు దొంగచాటుగా వేసే అలివి అనే చిన్న కన్నుల వలలు వేలెడంత పిల్లను కూడా వదలకుండా ఊడ్చుకుపోతాయి, మరుసటి సంవత్సరం మాకు మిగిలేది నీళ్లే. మన దేశపు 1897 నాటి మత్స్య చట్టం మందుగుండును, విషాన్ని మాత్రమే నిషేధించింది, చిన్న కన్నుల వలల సంగతి తరువాతి నిబంధనలకు వదిలేసింది. నచ్చనిదేమిటంటే, ఈటె వేసేవాడు ఎప్పుడూ గుంపులో పెద్దదానినే ఏరుకుంటాడు. పెద్దదంటే ఎక్కువ గుడ్లు పెట్టే తల్లి. దానికి అక్కడివారు ఏమంటారు?

వనపర్తి టు డెవన్

మీరు అడిగినది అక్కడి వేటగాళ్లు తమలో తాము వాదించుకునే విషయమే. దీనికి బల్లన్ రాస్ అనే చేప చక్కని ఉదాహరణ. రాళ్ల మధ్య తన చోటు వదలకుండా కాపలా కాస్తుంది, మనిషిని చూసి పారిపోదు, కనుక కొత్తవాడికి అదే మొదట దొరుకుతుంది. అవన్నీ ఆడవిగానే పుడతాయి, కొన్ని పెద్దవైన తరువాత మగవిగా మారతాయి. అంటే ఒక రాతిగుట్టలో అన్నిటికంటే పెద్దదానిని కొడితే అక్కడి మగచేపనే తీసివేసినట్లయ్యే అవకాశం ఎక్కువ. పెరుగుదల నెమ్మది, రుచి కూడా అంతంతమాత్రమే కనుక చాలామంది దానిని వదిలేస్తారు. అయినా దానికి ఊరట లేదు, సాల్మన్ పెంపకపు బోనులలో చేపల ఒంటిమీది పేలను తినిపించడానికి ప్రాణంతో పట్టి స్కాట్లండుకు పంపుతున్నారు, అది వేరే కథ. నా మటుకు నేను సీబాస్‌లో కూడా హద్దుకు కొంచెం పైనున్న మధ్యరకం చేపనే చూస్తాను, ఆ రోజు కూరకు సరిపోతే ఒడ్డెక్కుతాను. కానాగంతల వంటి మాకరెల్ గుంపుగా తిరుగుతుంది, దానికి ఈటె కంటే గాలమే మేలు.

మిర్యాలగూడ రైతుబిడ్డ

అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలు తమ్ముడికి చదివి వినిపించాను. చట్టం గురించి వాడికి చాలావరకు తెలుసు. డాక్టరు గారి మాట విన్న తరువాత కాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నది ఏమిటంటే, తనతో రాగలిగిన వారు ఎవరూ లేరట, తోటి ఉద్యోగులకు ఇందులో ఆసక్తి లేదట, కనుక ఒడ్డుకు దగ్గరలో, మూడు నాలుగు మీటర్ల లోతులో ఒంటరిగానే చూసుకుంటానట. అంత తక్కువ లోతులో ప్రమాదం ఉండదు కదా అని వాడి వాదన.

నల్లగొండ మత్తు డాక్టరు

ఉంటుంది. ఈత కొలనులో, మెడలోతు నీటిలో కూడా దమ్ము పట్టి స్పృహ తప్పి చనిపోయినవారు ఉన్నారు. లోతు తగ్గితే ఒక కారణం తగ్గుతుంది, శ్వాసలు ముందుగా తోడివేసే అలవాటు, అలసట, చలి అన్నవి అలాగే ఉంటాయి. ఒంటరిగా మాత్రం వద్దు.

వనపర్తి టు డెవన్

డాక్టరు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వద్దని మీరు గట్టిగా చెబితే వాడు మీకు చెప్పడం మానేస్తాడు, దిగడం మానడు, అది మరీ ప్రమాదం. ఈ వేసవికి తుపాకిని ఇంట్లోనే ఉంచి, ముందుగా ఫ్రీడైవింగ్, అంటే గాలి సిలిండరు లేకుండా దమ్ము పట్టి మునగడంలో శిక్షణకు చేరమనండి. దమ్ము ఎలా పట్టాలన్నదాని కంటే స్పృహ తప్పిన జతగాడిని ఎలా బయటికి తేవాలన్నది అక్కడ ముఖ్యంగా నేర్పుతారు, తోడు వచ్చే మనుషులు కూడా అక్కడే దొరుకుతారు. స్పియర్‌ఫిషింగ్ క్లబ్బులవారు కొత్తవారిని వెంట తీసుకువెళ్లి చోట్లు చూపిస్తారు, ఆ తీరంలో ఏ మూల నీరు ఎటు లాగుతుందో పట్టికల కంటే వారికే బాగా తెలుసు.

ఆ తరువాత తుపాకి తీసినప్పుడు, నీలం తెలుపు రంగుల డైవర్ జెండా ఉన్న తేలుడు బుయ్యను తాడుతో వెంట లాక్కెళ్లాలి. వేసవిలో పడవలు, జెట్ స్కీలు ఒడ్డుకు బాగా దగ్గరగా తిరుగుతాయి, నల్లని దుస్తులలో నీటిపైకి వచ్చే తల వారికి కనిపించదు. తాడు రాళ్లలో చిక్కుకుంటే కోయడానికి కాలికి చిన్న కత్తి కట్టుకోవాలి. ఇసుక నేలమీద వట్టి కాళ్లతో నడవకూడదు, వీవర్ అనే చిన్న చేప వీపు ముళ్లు పైకి ఉంచి ఇసుకలో కూరుకొని ఉంటుంది, అది గుచ్చితే ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో పాదం ఉంచాలి. ఎక్కడ దిగుతున్నారో, ఎన్ని గంటలకు ఒడ్డెక్కుతారో ఇంట్లో ఉండే స్నేహితుడికి ప్రతిసారీ సందేశం పంపాలి. ఆ వేళ దాటినా ఫోను రాకపోతే ఆ స్నేహితుడు అక్కడి అత్యవసర నంబరు 999కు ఫోన్ చేసి, పోలీసులను కాదు, కోస్ట్‌గార్డును ఇవ్వమని అడగాలి.