ఆయుధాల భాగాలు చేసే పనివారికి వేరే దారి చూపినవారు ఎవరైనా ఉన్నారా?

లేత్‌పని (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను పదిహేనేళ్లుగా హైదరాబాద్ బాలానగర్ ప్రాంతంలోని ఒక చిన్న మెషిన్ షాపులో సీఎన్‌సీ (కంప్యూటరుతో లోహాన్ని కోసే యంత్రం) ఆపరేటరుగా పనిచేస్తున్నాను. మొదట్లో మాకు నీటి పంపుల భాగాలు, మందుల కంపెనీల యంత్రాలకు కావలసిన భాగాలు వచ్చేవి. మూడేళ్లుగా వస్తున్న జాబుల్లో సగానికి పైగా ఆయుధాలకు సంబంధించినవే. డ్రాయింగు మీద భాగం నంబరు, కొలతలు తప్ప అది ఎందులో అమరుతుందో రాసి ఉండదు, మేమూ అడగము. ఈమధ్య ఒక జాబును మైక్రోమీటరుతో కొలుస్తుండగా, మా షాపులో అందరికంటే పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, ఇది ఫిరంగి గుండును పేల్చే ఫ్యూజులో ఉండే భాగమని చెప్పారు. ఎగుమతి ఆర్డరని తర్వాత తెలిసింది. అప్పటినుంచి కొలత సరిపోయిన ప్రతిసారీ, ఇది ఏ దేశంలో ఎవరి ఇంటి మీద పడుతుందోనన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

నేను మానేస్తే నా స్థానంలో మరొకరు వస్తారు, నా ఇంటి అద్దె మాత్రం ఆగదు. యుద్ధం వద్దని ఊరేగింపులు తీసేవారంటే నాకు గౌరవమే, కాని వారిలో ఎవరూ మా వంటివారి కూటి సంగతి ఎత్తగా నేను వినలేదు. ఆయుధాలు తయారుచేసే చోటనే ఉంటూ, మేము వేరేది చేయగలమని చెప్పినవారు ఎక్కడైనా ఉన్నారా? ఉంటే వారికి ఏమైంది?

పాత సంఘం

లేత్‌పని గారూ, ఉన్నారు. యాభై ఏళ్ల కిందట బ్రిటన్‌లో విమాన భాగాలు చేసే లూకాస్ ఏరోస్పేస్ కంపెనీ కార్మికులు సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకున్నారు. ఆ కంపెనీలో దాదాపు 18,000 మంది పనిచేసేవారు, పనిలో దాదాపు సగం సైనిక అవసరాలకే సాగేది. ఉద్యోగాలకు కోత పడుతున్న రోజుల్లో వేర్వేరు కర్మాగారాల కార్మిక ప్రతినిధులు ఉమ్మడి కమిటీగా ఏర్పడి, 1974లో పరిశ్రమల మంత్రి టోనీ బెన్‌ను కలుసుకున్నారు. మీ ప్రణాళిక మీరే తయారుచేసుకోండని ఆయన సూచించారు. వారు ముందుగా సుమారు 180 మంది నిపుణులకు, సంస్థలకు ఉత్తరాలు రాస్తే, పనికివచ్చే జవాబులు ఒక చేతి వేళ్లకు సరిపోయేటన్ని కూడా రాలేదు. అప్పుడు అదే ప్రశ్నను తమ తోటి పనివారినే అడిగారు: మీ దగ్గర ఏయే యంత్రాలు ఉన్నాయి, మీ చేతికి ఏ పని వచ్చు, దానితో జనానికి అక్కరకు వచ్చేది ఏం చేయగలరు? ఈసారి సుమారు 150 ఆలోచనలు వచ్చాయి. 1976 జనవరిలో వారు విడుదల చేసిన ప్రణాళికలో కిడ్నీ రోగులకు డయాలిసిస్ యంత్రాలు, గాలిమరలు, హీట్ పంపులు, ఇంజను, బ్యాటరీ కలిసి నడిపే వాహనం, రోడ్డు మీదా పట్టాల మీదా వెళ్లగల బండి ఉన్నాయి. నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది హాబ్‌కార్ట్. వెన్నెముక లోపంతో పుట్టి నడవలేని పిల్లలు ఎవరి సాయమూ లేకుండా తామే నడుపుకునే చిన్న బండి అది.

ఏమైందని కూడా అడిగారు కనుక దాచకుండా చెబుతాను. యాజమాన్యం ప్రణాళికను తిరస్కరించింది. ప్రభుత్వం వారి వెనుక గట్టిగా నిలబడలేదు. ఉద్యమంలో ముందున్న ఇంజనీరు మైక్ కూలీని 1981లో ఉద్యోగం నుంచి తీసేశారు. అదే సంవత్సరం ఆయనకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చింది. అయితే ఆ ప్రణాళికలో రాసిన హీట్ పంపులు, గాలిమరలు, హైబ్రిడ్ వాహనాలు ఈరోజు లోకమంతటా అమ్ముడవుతున్నాయి. వారి లెక్క తప్పలేదు, వారి మాట వినలేదు, అంతే.

మాజీ హవిల్దార్

నేను ఇరవై రెండేళ్లు సైన్యంలో ఉన్నవాణ్ని. సరిహద్దు కాసేవాడి చేతిలో ఆయుధం ఉండవద్దని నేను అనలేను, అనను. కాని మన కాపలా కోసం చేసుకునేది ఒకటి, ఎవరు కొంటే వారికి అమ్మేది మరొకటి. ఈ తేడాను చెరిపివేసి రెండింటినీ దేశభక్తి అనడం నాకు బాధ కలిగిస్తుంది.

నిరాకరించడం పిరికితనమని ఎవరైనా అంటే, తమ్ముడూ, వారికి చంద్రసింగ్ గఢ్వాలీ గురించి చెప్పండి. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో ఆయుధాలు లేని పఠాన్ల మీద కాల్పులు జరపమని బ్రిటిష్ అధికారులు ఆదేశిస్తే, రాయల్ గఢ్వాల్ రైఫిల్స్‌కు చెందిన ఆయన, ఆయన తోటి సిపాయిలు ఒప్పుకోలేదు. ఆరోజు కిస్సా ఖ్వానీ బజారులో వేరే దళాల తూటాలకు ఎందరో చనిపోయారు. చంద్రసింగ్‌కు కోర్టు మార్షల్ యావజ్జీవ శిక్ష వేసింది, 1941 దాకా ఆయన జైల్లోనే ఉన్నారు. యూనిఫాంలో ఉండి ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు.

వేకువ

హవిల్దార్ గారూ, మీరు చెప్పిన తేడాను ఓడరేవు కూలీలు చేతల్లో చూపించారు. 2008 ఏప్రిల్‌లో జింబాబ్వేకు ఆయుధాలు తెచ్చిన చైనా నౌక ఆన్ యూయె జియాంగ్ డర్బన్ దగ్గరకు వస్తే, దక్షిణాఫ్రికా రవాణా కార్మికుల సంఘం సరుకు దించబోమని ప్రకటించింది. కోర్టు ఉత్తర్వు కూడా తోడవడంతో నౌక అక్కడ సరుకు దించకుండానే వెళ్లిపోయింది. 2019 మేలో ఇటలీలోని జెనోవా కూలీలు, యెమెన్ యుద్ధానికి ఉపయోగపడతాయన్న కారణంతో, సౌదీ నౌక బహ్రీ యాన్బూకు జనరేటర్లు ఎక్కించలేదు. వారు ఒంటరిగా కాక సంఘంగా నిలబడ్డారు. నేను మానేస్తే మరొకరు వస్తారన్న మీ భయానికి, లేత్‌పని గారూ, నాకు తెలిసిన జవాబు అదొక్కటే.

కాపలాకు ఆయుధం ఒక్కటే సాధనమన్నదానితో మాత్రం నేను ఏకీభవించలేను. 1942లో నాజీల ఆక్రమణలో ఉన్న నార్వేలో, కొత్త ఉపాధ్యాయ సంఘంలో చేరి పిల్లలకు ఫాసిస్టు పాఠాలు చెప్పాలని నాజీల అండతో నడిచే క్విస్లింగ్ ప్రభుత్వం ఆదేశించింది. సుమారు 12,000 మంది ఉపాధ్యాయుల్లో అత్యధికులు ఒకే మాటలతో నిరాకరణ లేఖలు రాశారు. దాదాపు వెయ్యి మందిని నిర్బంధించి, వారిలో సగం మందిని ఉత్తర ధ్రువ ప్రాంతంలోని కిర్కెనెస్‌కు పంపి వెట్టి చేయించినా వారు లొంగలేదు. చివరికి ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. దండయాత్రను ఉపాధ్యాయులు ఆపలేకపోయారు, నిజమే. బడిని మాత్రం శత్రువుకు అప్పగించలేదు.

నడక వైద్యం

నేను ఫిజియోథెరపిస్టును. అబ్దుల్ కలాం గారు హైదరాబాద్‌లో క్షిపణుల ప్రయోగశాల నడుపుతున్న రోజుల్లో, అగ్ని క్షిపణి కోసం తయారైన తేలికైన పదార్థాన్ని చూసి నిమ్స్ ఆసుపత్రి వైద్యుడొకరు ఆయనను తన రోగుల దగ్గరకు తీసుకువెళ్లారు. అక్కడి పిల్లలు దాదాపు మూడు కిలోల కాలిపర్లను (కాళ్లకు ఊతంగా తొడిగే చట్రాలను) ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. ఆ పదార్థంతో సుమారు 300 గ్రాముల కాలిపర్లు చేయించి ఇచ్చినప్పుడు కలిగిన ఆనందం గురించి కలాం గారు ఎన్నోసార్లు చెప్పారు. కాకపోతే అక్కడ క్షిపణి ముందు వచ్చింది, కాలిపర్ తర్వాత. లూకాస్ కార్మికులు ఆ వరుసను తిరగేయమన్నారు. నేనూ అదే కోరుకుంటాను. నా దగ్గరకు వచ్చేవారి కాలిపర్లలో మోకాలి దగ్గర ఉండే లాక్ ఇప్పటికీ తొందరగా అరిగిపోతుంది, మార్చడానికి నెలలు పడుతుంది.

లేత్‌పని

అందరికీ కృతజ్ఞతలు. లూకాస్ కార్మికులు వేసుకున్న ప్రశ్నను నిన్న భోజన విరామంలో మా వాళ్ల ముందు పెట్టాను. ఎనిమిది మందిమి ఉన్నాము. ఇద్దరు నవ్వి ఊరుకున్నారు, ఒకరు భయపడ్డారు. మిగిలినవారు డబ్బాలు సర్దే లోపలే నాలుగు వస్తువులు చెప్పారు, అందులో రెండు మా యంత్రాల మీద ఇప్పటికిప్పుడు చేయగలిగినవే. ఆర్డర్లు ఎవరిస్తారన్నది ఇంకా తేలలేదు.

నడక వైద్యం గారూ, అరిగిపోయిన లాకులు రెండు మూడు పక్కన పెట్టగలరా? ఆదివారం మాకు సెలవు, నేనే వచ్చి కొలతలు తీసుకుంటాను. డ్రాయింగు కూడా నేనే వేస్తాను. భాగం నంబరు కింద, అది దేనికో కూడా రాస్తాను.