గోర్డన్ చైల్డ్ తవ్వింది తక్కువేనా? మరి అంత పేరెలా వచ్చింది?

ప్రశ్న (బట్టీ విక్రమార్క):
గ్రూప్-1కి చదువుతున్నా. నవీన శిలాయుగ విప్లవం (మనుషులు వేట నుంచి సాగు, పశువుల పెంపకానికి మారడం), పట్టణ విప్లవం (ఊళ్లు నగరాలుగా ఎదగడం) అన్న చోటల్లా పురావస్తు పండితుడు గోర్డన్ చైల్డ్ పేరే. నోట్స్‌లో రెండు నిర్వచనాలు తప్ప ఆయన ఎవరో, ఏం చదివాడో ఒక్క ముక్క లేదు. మొన్నొక వీడియోలో ఆయన పెద్దగా తవ్వింది లేదు, కూర్చుని రాశాడంతే అన్నారు. నిజమా? నాకూ ఎం.ఏ.లో ఆర్కియాలజీ తీసుకోవాలని ఉంది గానీ ఎండలో పార పట్టడమంటే టెన్షన్ (నవ్వకండి).

జవాబు (మట్టిపెంకు):
తమ్ముడూ, ఆయన దారి నువ్వనుకున్నంత నున్నగా ఏం లేదు. 1892లో సిడ్నీలో పుట్టాడు, అక్కడే లాటిన్, గ్రీకు చదివి 1914లో ఆక్స్‌ఫర్డ్ వెళ్లాడు. మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకించాడు, పైగా వామపక్షం, దాంతో తిరిగొచ్చాక సిడ్నీలో కాలేజీ ట్యూటర్ ఉద్యోగం పోయింది. తర్వాత న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటివాడు) జాన్ స్టోరీ దగ్గర సెక్రటరీగా కుదిరి 1921లో ఆ పని మీదే లండన్ వెళ్తే, ఆ ఏడాదే స్టోరీ చనిపోవడం, తర్వాత ప్రభుత్వం మారడం, ఆ ఉద్యోగమూ గోవిందా. అనువాదాలు చేసుకుంటూ పొట్టపోసుకున్నాడు, మధ్య యూరప్ మ్యూజియంలన్నీ తిరిగి అల్మారాల్లో పడున్న కుండపెంకులు చూశాడు. ఆ చూసిందంతా కలిపి 1925లో యూరప్ పూర్వచరిత్ర మీద రాసిన పుస్తకమే ఆయన్ని నిలబెట్టింది. 1927లో ఎడిన్‌బరో ప్రొఫెసర్, 1946 నుంచి 1956 దాకా లండన్ ఆర్కియాలజీ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్. ఒక్కో చోట తవ్వేవాళ్లు చాలామందే ఉన్నారు, ఇరాక్ నుంచి యూరప్‌లోని డాన్యూబ్ నది దాకా ఒకే బొమ్మగా చూసినవాడు ఆయనే.

జవాబు (దిబ్బ మీద కూర్చున్నోడు):
తవ్వలేదనడం తప్పు. స్కాట్లాండ్‌లో చాలాచోట్ల తవ్వాడు. అక్కడి ఆర్క్‌నీ దీవుల్లో స్కారా బ్రే అనే పాత రాతి ఇళ్ల ఊరు చూడండి, 1928 నుంచి మూడేళ్లు అక్కడే పని. రాతి మంచాలు, గోడకి ఆనించిన రాతి అల్మారాలు, ఇంటి నుంచి ఇంటికి సందులు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కానీ దాన్ని చూసి ఇనుపయుగం ఊరనుకున్నాడు! ఆయన పోయాక రేడియోకార్బన్ లెక్క (ఎముక, బొగ్గుల్లో మిగిలిన కార్బన్‌ని బట్టి వయసు తేల్చే పద్ధతి) వేస్తే అది క్రీ.పూ. 3000 ప్రాంతానిది, అంటే నవీన శిలాయుగానిది. అందుకే తవ్వకంలో ఆయన చేయి అంత గట్టిది కాదని నేనూ ఒప్పుకుంటా. నాగరికత తూర్పు (పశ్చిమాసియా, ఈజిప్టు) నుంచే యూరప్‌కి పాకిందన్న ఆయన వాదానికి కూడా ఆ కార్బన్ తేదీలే గండి కొట్టాయి, పశ్చిమ యూరప్‌లో కొన్ని రాతి సమాధులు పిరమిడ్ల కన్నా పాతవని తేలింది.

బట్టీ విక్రమార్క:
థాంక్స్ అన్నా. మరి ఆ నవీన శిలాయుగ విప్లవం మన దగ్గర వర్తిస్తుందా?

జవాబు (మట్టిపెంకు):
సగం సగం. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) నవీన శిలాయుగపు బూడిద దిబ్బని బ్రిటిష్ పురావస్తు పండితుడు ఆల్చిన్ తవ్వాడు. పశువుల దొడ్డిలో పేడ పేరుకుని, దాన్ని మళ్లీ మళ్లీ కాలిస్తే ఏర్పడిన దిబ్బ అది. దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంటలు దొరికాయి, పశువుల గిట్టల గుర్తులు కూడా పడి ఉన్నాయి. అంటే ఇక్కడ ముందు నిలదొక్కుకుంది మందలే. చైల్డ్ ఊహంతా పశ్చిమాసియా గోధుమ, బార్లీ పొలాల చుట్టూ అల్లుకున్నది. మెయిన్స్‌లో నిర్వచనం రాశాక ఉట్నూరు గురించి రెండు లైన్లు పెట్టు, పేపర్ దిద్దేవాళ్లకి కొత్తగా ఉంటుంది. పార సంగతంటావా, ఫీల్డ్‌లో మట్టి తవ్వేది ఎక్కువగా కూలీలే, నీకు పడేది కొలతలు, లేబుళ్లు రాసే పని. ఎండ మాత్రం తప్పదు.