భర్తకు తెలియకుండా మాత్రలు కలిపి పెట్టవచ్చా?

తిరుచానూరు కోడలు: మా ఆయనకు బైపోలార్, అంటే విపరీతమైన ఉద్రేకం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే మానసిక జబ్బు. ఎన్ని మందులు మార్చినా కుదురు లేదు. ఇప్పుడు నిద్ర మానేసి, ‘నాకే జబ్బూ లేదు’ అంటూ ఆ జబ్బుకు వాడే లిథియం మాత్రలు పక్కన పడేశారు. నిన్న బండి అమ్మేసి, ఆ డబ్బు ఎవరికో అడ్వాన్సుగా ఇచ్చి వచ్చారు. అత్తగారు మాత్రలు పొడి చేసి రాగి సంగటిలో కలపమంటున్నారు.

చిత్తూరు మాస్టారు: కలపండమ్మా. ప్రాణం మీదికి వచ్చాక న్యాయాన్యాయాలేమిటి?

పాకాల అన్న: లిథియంతో ఆటలొద్దు. నిదానంగా కరిగే రకాన్ని పొడి చేస్తే మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. రక్తంలో లిథియం మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ వరకు ఉండాలి, 1.5 దాటితే విషమే. వాంతులు, చేతుల వణుకు మొదలైతే, వేసుకున్నట్టే తెలియని మనిషి డాక్టరుకు ఏమని చెబుతాడు?

చిత్తూరు మాస్టారు: సంగటి వేడికి మందు చెడుతుందా? అది చెప్పండి.

పాకాల అన్న: వేడి ఊసు నేనెత్తలేదు.

ఏడుకొండల దాసు: ఉపవాసం ఉంచి అలిపిరి మెట్లు ఎక్కించండి. స్వామే చూసుకుంటాడు.

పాకాల అన్న: మందు వాడే మనిషికి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. స్వామిని దీనిలోకి లాగకండి.

చిత్తూరు మాస్టారు: మజ్జిగలో కలపవచ్చు కదా? మా ఆవిడకు ఏళ్ల తరబడి అలాగే ఇచ్చాను. మీ ఇంట్లో ఉంటే తెలిసేది.

పాకాల అన్న: మా చెల్లెలికీ అత్తింట్లో పప్పులో కలిపే పెట్టారు. తెలిసిన రోజు నుంచి ఎవరు వండినా ముట్టలేదు. ఆ అనుమానాన్నే పిచ్చి కింద రాసి విడాకులకు వెళ్లారు. బాగున్నప్పుడైనా ఆమె మాట ఒక్కరు విన్నారా?

చిత్తూరు మాస్టారు: నేను మా ఆవిడను వదల్లేదు. రాత్రంతా తలుపుకు అడ్డంగా పడుకున్నవాడికి చెప్పండి మీ నీతులు!

రేణిగుంట నర్సు: కాస్త ఆగండి ఇద్దరూ. అమ్మా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, 14416కు, ఇప్పుడే ఫోన్ చేయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 89వ సెక్షన్ ప్రకారం, ఆయన ఒప్పుకోకపోయినా ప్రతినిధి అడిగితే, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి 30 రోజుల వరకు ఆస్పత్రిలో చేర్చుకోవచ్చు. ప్రతినిధిగా ఆయన ఎవరి పేరూ రాసివ్వకపోతే బంధువే ప్రతినిధి.

తిరుచానూరు కోడలు: బాగున్నప్పుడు ఆయనే అన్నారు, ‘ముదిరితే తిరుపతి రుయా ఆస్పత్రికి తీసుకెళ్లు, అమ్మ మాట వినకు’ అని. ఆస్పత్రి అంటే పరువు పోతుందని అత్తగారి భయం. సంగటి ఆలోచన వచ్చింది అందుకే.

పాకాల అన్న: ఆయన చెప్పాల్సింది చెప్పేశారు కదమ్మా!

చిత్తూరు మాస్టారు: తీసుకెళ్లండి. కావాలంటే అత్తగారితో నేను మాట్లాడతాను. మజ్జిగ విషయంలో మాత్రం నా మాట నాదే.