పెనెలోపె క్రూజ్: అల్మొదోవర్ చేతి బొమ్మా, హాలీవుడ్ వాడుకోలేని నటా?

సగంటికెట్:
ఆదివారం రెండు సినిమాలు ఒకదాని వెంట ఒకటి చూశాను. ముందు 1997 నాటి స్పానిష్ సినిమా 'అబ్రె లోస్ ఓహోస్', తర్వాత దాన్నే అమెరికాలో మళ్ళీ తీసిన 2001 నాటి 'వెనిల్లా స్కై'. రెండింట్లోనూ సోఫియా వేషం స్పెయిన్ నటి పెనెలోపె క్రూజ్‌దే. కథ అదే, పాత్ర అదే, మనిషీ అదే. తేడా నాలుగేళ్ళు. మొదటిదాన్లో మొహానికి తెల్లరంగు పూసుకుని వానలో పార్కులో కదలకుండా నిలబడితే నాకు కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు. రెండోదాన్లో అందంగా నవ్వుతుంది. అంతకుమించి ఏమీ గుర్తులేదు.

నా వాదన చెప్తాను, తిట్టేవాళ్ళు తిట్టండి. ఈవిడ గొప్ప నటి అన్నమాట సగమే నిజం. స్పానిష్ దర్శకుడు పెద్రో అల్మొదోవర్ తీసిన ఏడు సినిమాలు పక్కన పెట్టండి, మిగిలేది పోస్టర్ మీద మొహమే. 2001లో వచ్చిన 'బ్లో', 'కెప్టెన్ కొరెల్లీస్ మాండలిన్', 'వెనిల్లా స్కై' మూడింటికీ కలిపి ఆ ఏడాది చెత్త నటిగా 'రాజీ' అనే వెక్కిరింపు అవార్డుకి నామినేట్ అయింది. సరిగ్గా ఐదేళ్ళకి, 2006లో, అల్మొదోవర్ తీసిన 'వొల్వెర్'తో ఆస్కార్ ఉత్తమ నటి నామినేషన్. ఐదేళ్ళలో మనిషి మారిందా, డైరెక్టర్ మారాడా?

వెన్నెలరాత్రి:
ఏడు సినిమాలు తీసేస్తే మొహమే మిగులుతుందా? అల్మొదోవర్ ఆమెని పిలవకముందే, 1992లో, రెండు సినిమాలు వచ్చాయి. బిగాస్ లూనా తీసిన 'హమోన్ హమోన్', ఫెర్నాందో త్రుయేబా తీసిన 'బెల్ ఎపోక్'. రెండోది విదేశీ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకుంది. నలుగురు అక్కచెల్లెళ్ళలో ఆఖరిదిగా వేసింది, అప్పటికి ఆమెకి ఇరవై కూడా లేవు.

ఆమెకి ఉత్తమ నటిగా మొదటి గోయా అవార్డు, అంటే స్పెయిన్‌వాళ్ళ పెద్ద సినిమా అవార్డు, తెచ్చింది కూడా త్రుయేబానే, 1998 నాటి 'లా నీన్యా దె తుస్ ఓహోస్'తో. ఈ పేరు నాకెంతో ఇష్టం. స్పానిష్‌లో నీన్యా అంటే ఆడపిల్ల, కంటిలో నల్లగుడ్డుని కూడా అదే మాటతో పిలుస్తారు. మనం కంటిపాప అన్నట్టే! తెలుగులో ఆ పేరు 'నీ కంటిపాప' అని మాటకి మాట దిగిపోతుంది, ఇంగ్లిష్‌వాడు మాత్రం 'ఆపిల్ ఆఫ్ యువర్ ఐ' అని మధ్యలోకి ఆపిల్ పండు తెచ్చుకోవాలి. కథ 1938లో, స్పెయిన్‌లో అంతర్యుద్ధం నడుస్తుండగా. ఒక స్పానిష్ సినిమా బృందం బెర్లిన్ స్టూడియోకి వెళ్ళి పాటల సినిమా తీస్తుంటుంది, హీరోయిన్ మీద హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ కన్ను పడుతుంది. నవ్విస్తూ నవ్విస్తూ గొంతు పట్టుకునే వేషం అది. అల్మొదోవర్‌కి దానితో ఏ సంబంధమూ లేదు.

సగంటికెట్:
ఆ సినిమా చూడలేదు, ఒప్పుకుంటున్నా. కానీ వెన్నెలా, అది కూడా స్పానిషే కదా. త్రుయేబా, లూనా, 'అబ్రె లోస్ ఓహోస్' తీసిన అమెనాబర్, అల్మొదోవర్, అందరూ ఆ నేలవాళ్ళే. అయితే నా మాట కాస్త మారుస్తాను: స్పెయిన్ దాటితే ఆమె లేదు.

మాటలపెట్టె:
నేను డబ్బింగ్ సినిమాలకి మాటలు రాస్తుంటాను. పొద్దున లేస్తే పెదవుల కదలికలు లెక్కపెట్టుకోవడమే నా బతుకు. కాబట్టి నాకు ఇందులో డైరెక్టర్ కంటే ముందు భాష కనిపిస్తుంది.

1998లో 'ది హై-లో కంట్రీ'తో ఆమె అమెరికా వెళ్ళేనాటికి ఇంగ్లిష్ పెద్దగా రాదు. డైలాగులు నేర్చుకుని చెప్పింది. మాట నేర్చుకుని చెప్పేవాళ్ళు ఒక పని చేయలేరు: ఎదుటివాడి మాట మీద పడి మాట్లాడలేరు. తన వంతు వచ్చేదాకా ఆగుతారు. స్పానిష్‌లో ఆమె ఎప్పుడూ ఆగదు. మాట సగంలో ఉండగానే విసుగు, ఆ విసుగు మీదే నవ్వు, ఆ నవ్వు మధ్యలో ఇంకో మాట. ఇంగ్లిష్ సినిమాల్లో ఒక్కో మాట పళ్ళెంలో పెట్టి అందించినట్టు చెప్తుంది.

సాక్ష్యం కావాలంటే ఆమెకి ఆస్కార్ తెచ్చిన సినిమానే చూడండి. 2008 నాటి 'విక్కీ క్రిస్టినా బార్సిలోనా'. తీసింది వుడీ అలెన్, అమెరికా సినిమా. అందులో ఆమె వేసిన మరియా ఎలెనా స్పానిష్‌లో రెచ్చిపోతుంటే, పక్కన హవియెర్ బర్దెమ్ వేసిన మాజీ మొగుడు 'ఇంగ్లిష్‌లో మాట్లాడు, ఆ పిల్లకి అర్థం కాదు' అని పదేపదే అడ్డుపడుతుంటాడు. ఆమె రెండు ముక్కలు ఇంగ్లిష్‌లో అని మళ్ళీ స్పానిష్‌లోకి దూకుతుంది. పాత్రకి బలమంతా ఆ దూకుడే. అవార్డు ఇచ్చింది ఇంగ్లిష్ సినిమాకి, గెలిచింది స్పానిష్ తిట్లకి. ఆస్కార్ గెలిచిన మొదటి స్పానిష్ నటి ఆమే అని మళ్ళీ మళ్ళీ రాస్తారుగానీ, ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు.

డల్లాస్_బాబాయి:
మాటలపెట్టె గారూ, మీరు చెప్పింది నాకు ఒంటికి తగిలింది. ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్ళు. ఇంగ్లిష్‌లో ఉద్యోగం చేస్తాను, అప్పు అడుగుతాను, పోలీసు ఆపితే సమాధానం చెప్తాను. కానీ మీటింగులో జోకు వేయను. తెలుగువాళ్ళు నలుగురు చేరితే నోరు మూయించలేరు నన్ను. మా అబ్బాయి అంటాడు, 'నాన్నా, ఇంగ్లిష్‌లో నువ్వు చాలా మంచివాడివి' అని. వాడు మెచ్చుకుంటున్నాడో లేదో నాకింతవరకూ తెలీదు.

అందుకే ఆ 2001 సినిమాల్లో నాకు చెత్త నటి కనపడలేదు. పరాయి ఇంట్లో మర్యాదగా కూర్చున్న మనిషి కనపడింది.

ఇంకోటి. డబ్బు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. 2011లో 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' నాలుగో భాగం వంద కోట్ల డాలర్లు దాటింది. ఆ షూటింగ్ సమయంలో ఆమె గర్భిణి, కొన్ని దూరపు షాట్లలో చెల్లెలు మోనికా నిలబడింది. అలాంటి సినిమాల్లో ఆమె మొహం ప్రపంచమంతా తెలియబట్టే కదా, స్పానిష్ సినిమాకి పరాయి దేశాల్లో టికెట్లు తెగేది?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. ఆలస్యంగా వచ్చాను, వచ్చినందుకు రెండు వాదనలూ పడగొట్టి పోతాను.

2004లో 'నోన్ తి ముయోవెరె' అని ఇటాలియన్ సినిమా వచ్చింది, సెర్జో కాస్తెల్లిత్తో తీసి నటించాడు. అందులో ఆమె ఊరి చివర పాడుబడ్డ ఇంట్లో ఉండే పేదరాలు. అందం మొత్తం తుడిచేశారు. నడక వంకర, మొహం పీక్కుపోయింది, బట్టలు చవక. మాట్లాడేది ఇటాలియన్. ఆ వేషానికి ఇటలీవాళ్ళు తమ పెద్ద అవార్డు, దవీద్ ది దొనతెల్లో, ఉత్తమ నటిగా ఆమె చేతిలో పెట్టారు. ఇక్కడ అల్మొదోవర్ లేడు, కాబట్టి సగంటికెట్ వాదన పోయింది. మాతృభాషా లేదు, కాబట్టి మాటలపెట్టె వాదనా పోయింది. ఇది 'వొల్వెర్'కి రెండేళ్ళ ముందు సంగతి, గుర్తుపెట్టుకోండి.

మాటలపెట్టె:
ఇటాలియన్ స్పానిష్‌కి వేలు విడిచిన చుట్టం కాదండీ, సొంత పినతల్లి కూతురు. అనంతపురం మనిషి బళ్ళారి వెళ్ళి పది రోజుల్లో కన్నడం లాగించేసినట్టు. దాన్ని ఇంగ్లిష్‌తో పోల్చకండి.

గోదారిగట్టు:
సరే, అర మార్కు ఇస్తాను. కానీ నా అసలు మాట వేరే. ఆమె ఏ భాషలో చేసినా, పాత్రకి ఒక పని ఉంటే నిలబడింది. పని లేకపోతే పడిపోయింది.

'వొల్వెర్'లో రైముందా చూడండి. ఎయిర్‌పోర్టులో నేల తుడుస్తుంది. ఇంటికొచ్చేసరికి కూతురు, తన మీద చెయ్యి వేయబోయిన రైముందా మొగుణ్ణి కత్తితో పొడిచేసి ఉంటుంది. ఆమె ఏడుస్తూ కూలబడదు. తుడుపుకర్ర తీసుకుంటుంది. వంటింటి పేపరు రక్తం మీద పరుస్తుంది, అది ఎర్రగా పీల్చుకుంటూ ఉంటే ఇంకోటి పరుస్తుంది. నేల తుడవడం వచ్చిన మనిషి నేల తుడిచినట్టే తుడుస్తుంది. తలుపు దగ్గర పక్కింటాయన ఆమె మెడ మీద రక్తం చూసి ఏమైందంటే 'ఆడవాళ్ళ సంగతులు' అని తేల్చేస్తుంది. శవాన్ని హోటల్ ఫ్రీజర్‌లో దాచి, అదే హోటల్లో ముప్ఫై మంది షూటింగ్ వాళ్ళకి భోజనాలు వండి డబ్బు సంపాదిస్తుంది. తీరా చూస్తే సినిమా మొత్తం ఆమె చేతులే. ఆ చేతులకి ఏదో ఒకటి ఇచ్చాడు అల్మొదోవర్: కత్తి, కూరగాయలు, పార.

ఈమె మాడ్రిడ్ పక్కన అల్కోబెందాస్‌లో పుట్టింది. తల్లి జుట్టు కత్తిరించే పని చేసేది. ఆ సెలూన్‌లో కూర్చుని, వచ్చిపోయే ఆడవాళ్ళని చూస్తూ నటన నేర్చుకున్నానని ఆమే చాలాసార్లు చెప్పింది. 'వొల్వెర్'లో అక్క సోలె ఇంట్లోనే దొంగచాటు సెలూన్ నడుపుతుంది కదా, అదెక్కడిదో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు 2005 నాటి 'సహారా' చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ డాక్టర్ అంటారు. ఆమె డాక్టర్ పని చేస్తున్నట్టు ఒక్క నిమిషం నమ్మారా? నేను నమ్మలేదు. ఎడారిలో చక్కటి అమ్మాయి పరిగెడుతుంది.

వెన్నెలరాత్రి:
అక్కా, ఈ మాట నేను కొట్టేసుకుని వాడుకుంటాను. 2019 'పెయిన్ అండ్ గ్లోరీ'లో కూడా అంతే. నది ఒడ్డున ఆడవాళ్ళతో కలిసి దుప్పట్లు ఉతుకుతూ పాడుతుంది. గుహలాంటి ఇంట్లో కాపురం పెట్టాల్సి వస్తే, గోడలకి సున్నం వేయించే దగ్గర మొదలుపెడుతుంది.

సగంటికెట్:
పని సిద్ధాంతం బాగుంది. కానీ ఆ రెండు సినిమాలూ ఎవరు తీశారు? నా మాటే నిలబెడుతున్నారు మీరు.

రీలుపురాణం:
కొంచెం పాత చరిత్ర. ఈ గొడవ పెనెలోపెతో మొదలవలేదు. సారా మొంతియెల్ అని స్పెయిన్‌లోని లా మంచా ప్రాంతం పిల్ల, 1950లలోనే మెక్సికో మీదుగా హాలీవుడ్ వెళ్ళింది. 1954లో 'వెరా క్రూజ్'లో గ్యారీ కూపర్ పక్కన వేసింది. 1957 నాటి 'రన్ ఆఫ్ ది యారో'లో అమెరికా ఆదివాసీ స్త్రీగా వేస్తే, ఆమె గొంతు తీసేసి యాంజీ డికిన్సన్ చేత చెప్పించారు. అదే 1957లో స్పెయిన్‌లో 'ఎల్ ఉల్తిమో కుప్లె' చేసింది, పాటలు తానే పాడింది, దేశం దేశమంతా ఊగిపోయింది. అక్కడ గొంతు కోసేశారు, ఇక్కడ గొంతు కోసమే వచ్చారు.

తమాషా ఏంటంటే, వెన్నెల చెప్పిన 'కంటిపాప' సినిమాకి 2016లో త్రుయేబా కొనసాగింపు తీశాడు, 'లా రెయీనా దె ఎస్పాన్యా'. అందులో అదే హీరోయిన్ హాలీవుడ్ తారై, 1950లలో రాణి వేషం వేయడానికి స్పెయిన్ తిరిగొస్తుంది. సారా నీడ కనిపిస్తుంది నాకు. త్రుయేబా ఒక వేదిక మీద, ఐదు నిమిషాలైనా నాకు స్పానిష్‌వాణ్ణనిపించలేదు అన్నందుకు జనం బహిష్కరణ పిలుపిచ్చారు, సినిమా నిలవలేదు. తిరిగొచ్చిన తార కథ తిరిగొచ్చిన చోటే మునిగింది.

మాటలపెట్టె:
గొంతు మాట వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతా. 'వొల్వెర్'లో రైముందా పాడే పాట, కార్లోస్ గార్దెల్ పాత టాంగో, ఆమె పాడలేదు. ఎస్త్రెయా మొరెంతె అనే ఫ్లామెంకో గాయని గొంతు. పెనెలోపె పెదవులు కదిపింది. 2009లో 'నైన్'లో మాత్రం తాడు పట్టుకుని వేలాడుతూ ఇంగ్లిష్‌లో తానే పాడింది, దానికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. మరి మనసులో మిగిలిందేది? పెదవులు కదిపిన పాటే కదా. సొంత గొంతు, సొంత భాష అని ఇంతసేపూ వాదించిన నేనే ఇక్కడ ఇరుక్కుపోయాను.

డల్లాస్_బాబాయి:
మనకి అందులో ఇబ్బందేముంది! మొహం ఒకరిది, గొంతు ఒకరిది అయినా ఏడ్చే జాతి మనది. ఆ పాట జరుగుతుంటే కారులో దాక్కున్న తల్లి, కార్మెన్ మౌరా, వింటూ ఏడుస్తుంది చూడండి. సగం నటన ఆవిడదే.

గోదారిగట్టు:
నిజమే. అందుకే కాన్ చిత్రోత్సవంలో 2006 ఉత్తమ నటి అవార్డు ఆ సినిమాలో ఆరుగురు ఆడవాళ్ళకీ కలిపి ఇచ్చారు. నా దృష్టిలో అది న్యాయం.

సగంటికెట్, మీరు ఇంగ్లిష్ సినిమా అడుగుతారని ఒకటి దాచిపెట్టాను. 2023 నాటి 'ఫెరారీ'. మైఖేల్ మాన్ తీశాడు, అందరూ ఇటాలియన్ యాసలో ఇంగ్లిష్ మాట్లాడతారు. ఈమె ఫెరారీ కార్ల కంపెనీ లెక్కలు చూసే, యజమాని భార్య లారా. కొడుకు పోయిన ఇల్లు, మొగుడికి వేరే సంసారం. మొదట్లోనే తుపాకీ తీసి మొగుడి పక్కనుంచి గోడలోకి కాలుస్తుంది. తర్వాత బ్యాంకు కాగితాల మీద సంతకాల బేరం. ఇంగ్లిషే, అల్మొదోవర్ లేడు, పని ఉంది. చూసి చెప్పండి.

సగంటికెట్:
చూశాను. తుపాకీ సీన్ కంటే కొడుకు సమాధి దగ్గర మాట్లాడకుండా కూర్చునే సీన్ ఇంకా బాగుంది. అక్కడ ఆ మొహంలోనే అన్నీ వచ్చిపోతాయి. ఏడు సినిమాల మాట వెనక్కి తీసుకుంటున్నా. 'వెనిల్లా స్కై' మాట మాత్రం తీసుకోను.

మోడరేటర్:
'క్రూజ్' తప్పు, మాడ్రిడ్‌లో 'క్రుథ్' అంటారని ఇప్పటికి నలుగురు ఫిర్యాదు చేశారు. తెలుసండీ. పోస్టులు దిద్దం.

మాటలపెట్టె:
సగంటికెట్ గారూ, ఒక పని చేయండి. 'వెనిల్లా స్కై'లో ఏదో ఒక సీన్ సౌండ్ తీసేసి చూడండి. తర్వాత 'వొల్వెర్' కూడా అలాగే. భాషదా తప్పు, పాత్రదా అన్నది తేలిపోతుంది.

సగంటికెట్:
రాత్రి చేశాను. సౌండ్ లేకుండా 'వెనిల్లా స్కై'లో ఆమె నిజంగానే బాగుంది, మీకో మార్కు. 'వొల్వెర్' మాత్రం పూర్తి చేయలేకపోయాను. రక్తం తుడిచే సీనూ, శవాన్ని ఫ్రీజర్‌లో పెట్టే సీనూ సౌండ్ లేకుండానే చూశా. పాట దగ్గరికొచ్చేసరికి సౌండ్ పెట్టేశా. ఆమె గొంతు కాదని తెలిసీ.