కోకో పొడి రోజూ వాడవచ్చా? బీపీ, రక్తహీనత, సీసం గురించి సందేహాలు

భీమవరం గృహిణి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా మా ఇంట్లో కోకో పొడి వాడకం బాగా పెరిగింది. మా మామయ్యగారికి 69 ఏళ్లు. చాలా కాలంగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు. కోకో గుండెకు మంచిదని ఎవరో పంపిన వీడియో చూసిన నాటి నుంచి రోజూ ఉదయం టిఫిన్ చేస్తూనే వేడి పాలలో ఒక పెద్ద చెంచా కోకో కలుపుకుని తాగుతున్నారు. ఇక మాత్రను సగానికి తగ్గించుకోవచ్చు కదా అని ఈ మధ్య అంటున్నారు. మా పాపకు 14 ఏళ్లు, గత నెల పరీక్షలో హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. కోకోలో ఇనుము ఎక్కువని చదివి, బడి నుంచి రాగానే అరటిపండు, పాలు, కోకో కలిపి మిక్సీలో వేసి ఇస్తున్నాను. డాక్టరుగారు రాసిన ఐరన్ మాత్రను కూడా ఆ పాలతోనే మింగిస్తున్నాను.

ఇంతలో కోకోలో సీసం, కాడ్మియం ఉంటాయని మా మరిది చెప్పాడు. అప్పటి నుంచి డబ్బా తీయాలంటేనే చెయ్యి వెనక్కి పోతోంది. నేను మేలు చేస్తున్నానో, కీడు చేస్తున్నానో తెలియడం లేదు. బీపీ నిజంగా తగ్గుతుందా? పాపకు రక్తం పడుతుందా? ఆ లోహాల మాట ఎంతవరకు నిజం? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

పోషకాహార నిపుణురాలు, హైదరాబాద్

అమ్మా, ముందుగా పాప సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ రోజే మార్చవలసింది అక్కడ ఉంది. 9.8 అంటే ఆ వయసు ఆడపిల్లకు మధ్యస్థాయి రక్తహీనత. దానికి మందు ఆ ఐరన్ మాత్రే, కోకో కాదు. వంద గ్రాముల కోకో పొడిలో సుమారు 14 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న మాట నిజమే. కానీ మనం వేసే పెద్ద చెంచా సుమారు 5 గ్రాములే కాబట్టి అందులో ఉండేది దాదాపు 0.7 మిల్లీగ్రాములు మాత్రమే. పాపకు రోజుకు కావలసింది 30 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పైగా కోకోలోని పాలీఫినాల్స్ (మొక్కల్లో సహజంగా ఉండే ఒక రకం పదార్థాలు) మొక్కల ఆహారం నుంచి వచ్చే ఇనుమును పేగుల్లోనే పట్టి ఉంచుతాయి. 1999లో వెలువడిన ఒక పరిశోధనలో రొట్టెతో పాటు కోకో తాగినవారిలో ఇనుము ఒంటికి పట్టడం సుమారు 70 శాతం తగ్గింది. పాలలోని కాల్షియం కూడా అదే పని చేస్తుంది. కాబట్టి మీరు మాత్రను కోకో పాలతో వేయడం వల్ల, తెలియకుండానే, దాని బలాన్ని చాలావరకు తీసేస్తున్నారు. మాత్రను నిమ్మరసం పిండిన నీటితోనో, జామపండు ముక్కలతోనో, పాలకూ టీకీ కోకోకూ కనీసం గంటన్నర, రెండు గంటల దూరంలో ఇవ్వండి. టీ, కాఫీలను భోజనానికి గంట ముందు, గంట తర్వాత మానాలని 2024లో మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాల్లో ఉంది. కోకోకు కూడా అదే పద్ధతి పాటించడం మంచిదని నా అభిప్రాయం.

అరటిపండు గురించి మరొక మాట. అరటిపండును కోసి ఉంచితే నల్లబడుతుంది కదా, ఆ నలుపుకు కారణమైన ఎంజైమే కోకోలో రక్తనాళాలకు మేలు చేసే ఫ్లేవనాల్స్‌నూ (ఇవీ పాలీఫినాల్స్‌లో ఒక రకమే) విరగ్గొడుతుంది. 2023లో అచ్చుపడిన ఒక చిన్న అధ్యయనంలో అరటిపండు స్మూతీతో ఫ్లేవనాల్స్ తీసుకున్నవారి రక్తంలో, గొట్టం మాత్రగా (క్యాప్సూల్) తీసుకున్నప్పటి కంటే, అవి 84 శాతం తక్కువగా కనిపించాయి. అరటిపండు మంచిదే, విడిగా తిననివ్వండి.

ఇక మీ డబ్బా మీద ఏమని రాసి ఉందో ఒకసారి చూసి చెబుతారా? కోకో పొడి వేరు, డ్రింకింగ్ చాక్లెట్ వేరు. రెండో దానిలో సాధారణంగా కోకో కంటే పంచదారే ఎక్కువ ఉంటుంది. చాలా ఇళ్లలో ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు, నా దగ్గరికి వచ్చేవారిలో సగం మంది తెచ్చి చూపించేది పంచదార డబ్బానే.

ద్వారకా తిరుమల దగ్గర కోకో రైతు

చెల్లెమ్మా, మాకు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో కోకో అంతర పంట. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే, అందులోనూ మన గోదావరి జిల్లాల్లోనే. అందుకే గింజ పొడిగా మారేలోపు ఏం జరుగుతుందో చెప్పగలను.

కాయ కొట్టి, తెల్లని గుజ్జుతో ఉన్న గింజలను చెక్క పెట్టెల్లో పోసి, అరటాకులు, గోనెసంచులు కప్పి ఐదారు రోజులు పులియబెడతాం. రెండో రోజుకే పెట్టెలో చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది. మూడో రోజు తిరగేసినప్పుడు వచ్చే ఘాటైన పులుపు వాసన ఇంటి గుమ్మం దాకా వస్తుంది. తర్వాత ఎండబెట్టాక గింజను నిలువునా కోసి చూస్తాం. లోపల ఊదా రంగుంటే సరిగా పులవలేదని, ముదురు గోధుమ రంగుంటే మాగిందని లెక్క. రుచి అక్కడే పుడుతుంది కానీ మీరు చెప్పుకుంటున్న ఫ్లేవనాల్స్ కొన్ని అక్కడే తరుగుతాయి. వేయించినప్పుడు మరికొన్ని పోతాయి.

కాడ్మియం, సీసం ఒకే దారిలో రావు. కాడ్మియం చెట్టు వేళ్ల గుండా నేల నుంచి గింజలోకే ఎక్కుతుంది. లాటిన్ అమెరికాలోని కొన్ని అగ్నిపర్వత నేలల్లో పండిన గింజల్లో ఎక్కువ, పశ్చిమ ఆఫ్రికా గింజల్లో తక్కువ. సీసం అలా కాదు. అది ఎక్కువగా కోత తర్వాత దుమ్ము రూపంలో పైతొక్కకు అంటుకుంటుంది. 2005లో నైజీరియా గింజలను పరీక్షించినప్పుడు తొక్క తీసిన పప్పులో సీసం దాదాపు లేదు, తొక్కలో చాలా ఎక్కువ ఉంది, దుకాణాల్లో అమ్మే చాక్లెట్లలోనూ కోకోలోనూ పప్పు కంటే ఎన్నో రెట్లు ఉంది. అందుకే ఆరబోసే చోటు మీద ఇంత పట్టుదలగా చెబుతున్నాను. మా చిన్నతనంలో వడ్లను తారు రోడ్డు మీద పోసేవాళ్లం. కోకోను కూడా అలా రోడ్డు వారగా పోసినవారిని చూశాను. ఇప్పుడు మేము నేలకు అడుగెత్తున వలలు కట్టి, పైన పాలిథిన్ కప్పు వేసి ఆరబెడుతున్నాం. ఖర్చు పెరిగింది, కొనేవాడు దానికి ప్రత్యేకంగా ధర ఇవ్వడు, అయినా పిల్లలు తాగే వస్తువు కదా. కొనేటప్పుడు గింజ ఎక్కడిది, ఎలా ఆరబెట్టారు, పరీక్ష చేయించారా అని అడగండి. పదిమంది అడిగితే తయారీదారు మమ్మల్ని అడుగుతాడు.

విశ్రాంత ఫార్మసిస్టు, న్యూజెర్సీ

నమస్కారం. మామయ్యగారి మాత్ర విషయంలో ఒక మాట గట్టిగా చెబుతున్నాను: వైద్యుని అడగకుండా సగం కాదు, కాస్తయినా తగ్గించవద్దు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ అనే సంస్థ 2017లో 35 పరిశోధనలను కలిపి చేసిన సమీక్ష ప్రకారం ఫ్లేవనాల్స్ అధికంగా ఉన్న కోకో వల్ల రక్తపోటు సగటున రెండు పాయింట్లలోపే తగ్గింది. అంతకుముందే బీపీ ఉన్నవారిలో పై అంకె నాలుగు దాకా తగ్గింది. అవి కూడా కొన్ని వారాల పాటు సాగిన పరిశోధనలే. మాత్ర చేసే పనికి ఇది సాటిరాదు.

మేలు అసలే లేదని కాదు. రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ రక్తనాళాల సాగే గుణాన్ని నిలుపుకోవడానికి తోడ్పడతాయని 2012లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఒప్పుకుంది. ఇక్కడ అమెరికాలో కాస్మాస్ అనే పెద్ద పరిశోధన జరిగింది. 21 వేలకు పైగా పెద్ద వయసువారిలో సగం మందికి రోజూ 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ గొట్టం మాత్రలుగా ఇచ్చి సుమారు మూడున్నరేళ్లు చూశారు. ఫలితాలు 2022లో వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపి చూస్తే పదిశాతం తగ్గుదల కనిపించింది గాని, అది యాదృచ్ఛికం కాదని నిరూపించేంత బలంగా లేదు. గుండె జబ్బుతో మరణాలు మాత్రం 27 శాతం తక్కువయ్యాయి. దీనికి చాక్లెట్లు తయారుచేసే మార్స్ సంస్థ సాయం ఉందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

అయితే ఆ మాత్రల్లో ఉన్నది వేరు, మన డబ్బాలో ఉన్నది వేరు. కోకో చేదును, పులుపును తగ్గించడానికి క్షారంతో శుద్ధి చేస్తారు. పొడి నల్లగా, మెత్తని రుచితో బాగుంటుంది కానీ ఫ్లేవనాల్స్ పోతాయి. 2008లో కొలిచినప్పుడు శుద్ధి చేయని పొడిలో గ్రాముకు 34.6 మిల్లీగ్రాములు, బాగా శుద్ధి చేసిన దానిలో 3.9 మిల్లీగ్రాములు మాత్రమే ఉన్నాయి. ఆ లెక్కన 200 మిల్లీగ్రాములు అందాలంటే మొదటిది ఆరు గ్రాములు చాలు, రెండోది యాభై గ్రాములు పైగా తాగాలి. అది ఎవరూ తాగరు, తాగకూడదు కూడా. డబ్బా వెనుక పదార్థాల వరుసలో ఆమ్లతా నియంత్రకం అని, పక్కన 500 లేదా 501 అంకె ఉంటే అది క్షారంతో శుద్ధి చేసిన పొడి అని తెలుసుకోండి.

కాడ్మియం గురించి లెక్క వేసి చూద్దాం. ఐరోపాలో 2019 నుంచి, నేరుగా వాడుకదారుకు అమ్మే కోకో పొడిలో కిలోకు 0.6 మిల్లీగ్రాములు మించకూడదు. సరిగ్గా ఆ హద్దులో ఉన్న పొడి అయినా 5 గ్రాముల్లో 3 మైక్రోగ్రాములే. అక్కడి సంస్థ చెప్పిన వారం పరిమితి కిలో బరువుకు 2.5 మైక్రోగ్రాములు, అంటే 50 కిలోల మనిషికి రోజుకు దాదాపు 18. పెద్దవారికి చెంచాతో భయం లేదు. అదే 15 కిలోల పసివాడికి రోజు పరిమితి ఐదు చిల్లర. ఒక్క చెంచాతోనే సగం దాటుతుంది, మిగతాది అన్నం, ఆకుకూరల నుంచి కూడా వస్తుంది. ఒంట్లో చేరిన కాడ్మియం మూత్రపిండాల్లో దశాబ్దాల పాటు ఉండిపోతుంది. సీసానికైతే ఇంతవరకు భద్రం అనే హద్దే లేదు. ఇనుము తక్కువగా ఉన్న శరీరం ఈ రెండు లోహాలనూ మామూలు కంటే ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి, రక్తం పెరిగే దాకా పాపకు రోజూ కాకుండా వారానికి ఒకటి రెండుసార్లకు పరిమితం చేయడమే నాకు సబబుగా తోస్తోంది.

విశాఖ ఉపాధ్యాయుడు

పైవారు చెప్పనిది ఒకటి నా అనుభవం నుంచి చేర్చదలిచాను. కోకోలో ఆక్సలేట్ ఎక్కువ. బరువు తగ్గాలని నేను ఎనిమిది నెలలు రోజూ పాలకూర, బాదం పాలు, రెండు చెంచాల కోకో కలిపి తాగాను. మంచినీళ్లు తక్కువ తాగేవాణ్ని. ఒకనాటి రాత్రి నడుము పక్క నుంచి గజ్జల దాకా పాకిన నొప్పితో ఆసుపత్రికి వెళితే ఆరు మిల్లీమీటర్ల రాయి తేలింది. కోకో ఒక్కటే కారణమని నేను అనను. కానీ డాక్టరుగారు నా తిండి అంతా అడిగి, ఆ మూడూ ఆక్సలేట్ పదార్థాలేనని కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి చూపించారు. రాళ్లు వచ్చినవారు కోకో తాగదలిస్తే ఆవు లేదా గేదె పాలతోనే తాగడం మేలట, పాలలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టి బయటికి పంపుతుందట. ఇనుముకు అడ్డుపడే కాల్షియమే ఇక్కడ అక్కరకు రావడం గమనించండి. మీ ఇంట్లో ఎవరికైనా రాళ్ల చరిత్ర ఉందేమో కనుక్కోండి.

మరొక సంగతి: ఇంట్లో కుక్క ఉంటే కోకో డబ్బాను దానికి అందకుండా పెట్టండి. కోకోలోని థియోబ్రోమిన్‌ను (కెఫీన్ లాంటి పదార్థం) కుక్క శరీరం మనలా త్వరగా విరగ్గొట్టుకోలేదు. పది కిలోల కుక్కకు పది గ్రాముల పొడే వాంతులు, విరేచనాలు తెప్పించగలదు.

భీమవరం గృహిణి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. డబ్బాలు రెండూ కిందకు దించి, కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. మామయ్యగారు వాడేది కోకో పొడే, కానీ వెనుక సన్న అక్షరాల్లో 501 అని ఉంది. పాపకు నేనిస్తున్న రెండో డబ్బా మీద పదార్థాల వరుసలో మొదటి మాటే పంచదార. మూడు నెలలుగా రక్తం పడుతుందని పోసి ఇచ్చింది అదన్నమాట. చదివాక చాలాసేపు వంటింట్లో అలాగే నిలబడిపోయాను.

ఈ రోజు నుంచి పాపకు ఐరన్ మాత్ర సాయంత్రం బడి నుంచి రాగానే నిమ్మనీళ్లతో, పాలు రాత్రి పడుకునే ముందు. మామయ్యగారికి ఫార్మసిస్టుగారి జవాబు మొత్తం చదివి వినిపించాను. మాత్ర తగ్గించే ఆలోచన మానుకున్నారు. కోకో మాత్రం మానలేనని, ఆ రుచి అలవాటైపోయిందని అన్నారు. ఆయనకు రాత్రిపూట ఛాతీలో మంట వస్తుంటుంది. రాత్రి పూట తాగితే ఇబ్బందా?

పోషకాహార నిపుణురాలు, హైదరాబాద్

రాత్రి వద్దమ్మా. కోకో అన్నవాహిక కింది చివర మూసి ఉంచే కండరపు బిగువును సడలిస్తుంది కాబట్టి పడుకునే ముందు తాగితే ఆ మంట పెరగవచ్చు. చెంచా కోకోలో కెఫీన్ 12 మిల్లీగ్రాములే అయినా థియోబ్రోమిన్ వంద దాకా ఉంటుంది, నిద్ర పలుచనయ్యేవారికి అదీ తగలవచ్చు. టిఫిన్‌కూ భోజనానికీ నడుమ, పదకొండు గంటల వేళ, పంచదార లేకుండా ఒక చెంచాతో తాగమనండి. పాపకు మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ మళ్లీ చూపించి, ఎంత వచ్చిందో ఇక్కడ తప్పక రాయండి.