మదాం బోవరీ చదివినవాళ్లు ఉన్నారా, మీకెలా అనిపించింది

గోదారిగట్టు:
ఫ్రెంచి రచయిత ఫ్లాబేర్ రాసిన నవల మదాం బోవరీ నిన్న రాత్రి పూర్తి చేశానండి. ఎమ్మే పరీక్ష కోసం చదివినప్పుడు పెళ్లయినావిడ అఫైర్ల కథ అనుకుని సగంలో వదిలేశా, ఇప్పుడు నలభై దాటాక చదివితే కథానాయిక ఎమ్మా ప్రియులు రొడాల్ఫూ లియోనూ ఇద్దరూ వెనక్కి పోయారు, ఆ బట్టల వ్యాపారి లెరో ఒక్కడే కళ్లముందు తిరుగుతున్నాడు. ఇంటికే వచ్చి సరుకు పరిచి చూపిస్తాడు, డబ్బుకి తొందర లేదంటాడు, ఎమ్మా పని అక్కడే అయిపోయింది. మీకెవరికైనా ఇలా అనిపించిందా?

కాగితంపడవ:
నాకూ అంతే. మా నాన్న ప్రోనోటు తిరగరాయడం చిన్నప్పుడు చూశాను, పాత వడ్డీ అసల్లో కలిపి కొత్త నోటు, ఏడాది తిరిగేసరికి ఇంకోటి. లెరో చేసేది అదే. మొగుడి దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ తీసుకోమని ఎక్కించేదీ వాడే. 24 గంటల్లో 8 వేల ఫ్రాంకులు కట్టమని కోర్టు కాగితం వచ్చాక ఎమ్మా లియోన్ దగ్గరికి, నోటరీ దగ్గరికి, ఆఖరికి వదిలేసి పోయిన రొడాల్ఫ్ దగ్గరికి కూడా పరిగెడుతుంది చూడండి, ఆ పేజీలు ఒక్క బిగిన చదవలేక మూసేసి మర్నాడు తీశా. మా అమ్మ గాజులు చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన రోజు గుర్తొచ్చింది.

సెన్‌నది_ఒడ్డు:
నాది పారిస్‌లో ఉద్యోగం, పోయినేడు ఫ్లాబేర్ సొంతూరు రువాన్ వెళ్లొచ్చాను. 1821లో ఆయన పుట్టిన గది ఇప్పుడు మ్యూజియంలో ఉంది, అందులోనే పాతకాలం వైద్యం సామాన్లు కూడా పెట్టారు. వాళ్ల నాన్న అక్కడి ఆస్పత్రిలో పెద్ద సర్జన్, ఇల్లూ ఆ ఆవరణలోనే. చిన్నప్పుడు చెల్లెలితో కలిసి పైకెక్కి శవాలు కోసే గదిలోకి తొంగి చూసేవాడట. ఆ పనిముట్లు చూసొచ్చాక, నవల్లో ఎమ్మా మొగుడు సత్రం పనివాడు ఇపొలీట్‌కి చేసే కాలు ఆపరేషన్ చాప్టర్ మళ్లీ చదివా, కాలు కుళ్లిపోయి తీసేసే దాకా ఆ వర్ణన ఎక్కడా మెత్తబడదు.

నైట్‌డ్యూటీ:
నేను నర్సుని. విషం తాగిన కేసులు చూశాను కాబట్టి చెప్తున్నా, ఆర్సెనిక్ విషం మింగిన ఎమ్మా చావు రాసిన తీరు సినిమా చావులా ఉండదు, నోట్లో సిరా రుచి, దాహం, వాంతులు, ఒళ్లు చల్లబడటం, గంటల తరబడి సాగుతుంది. అది రాసేటప్పుడు తన నోట్లోనే ఆర్సెనిక్ రుచి తగిలి తిన్నది కక్కుకున్నానని ఫ్లాబేరే ఒక ఉత్తరంలో రాశాడు. అందరూ ఎమ్మా గురించే మాట్లాడతారు, నాకు మాత్రం ఆవిడ కూతురు బెర్త్ మీదే బెంగ, అమ్మా నాన్నా పోయి చివరికి నూలు మిల్లులో కూలికి పోతుంది.

కథలపెట్టె:
నేను కథలు రాస్తుంటాను, ఈయన దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. ఈ నవల 1851లో మొదలెట్టి 1856లో పూర్తి చేశాడు, రువాన్ దగ్గర క్రువాసె ఇంట్లో కూర్చుని ప్రతి వాక్యం గట్టిగా అరిచినట్టు చదివి, చెవికి తేడా కొడితే కొట్టేసేవాడు. ఆ తంటాలన్నీ ప్రియురాలు లూయీజ్ కొలేకి ఉత్తరాల్లో రాసుకునేవాడు. నేనూ డాబా మీదకెళ్లి నా కథ పైకి చదివాను, ఒకే పేరాలో 'అయితే' నాలుగుసార్లు ఉంది, కళ్లతో పది సార్లు చదివినా కనబడలేదు. వ్యవసాయ సంత సీను కూడా పైకి చదివి చూడండి, ఇటు రొడాల్ఫ్ ప్రేమ కబుర్లు, మధ్యలో అటు స్టేజీ మీంచి ఎరువులకి బహుమతి అని కేక. ఆ సీన్లో రచయిత ఒక్క మాట వ్యాఖ్యానించడు.

సెన్‌నది_ఒడ్డు:
అలా వ్యాఖ్యానించకపోవడమే కోర్టు దాకా తెచ్చింది కదండీ. పత్రికలో సీరియల్‌గా వచ్చాక 1857 జనవరిలో నీతికి విరుద్ధమని కేసు, ఫిబ్రవరిలో కొట్టేశారు. ఆ పినార్ అనే ప్రాసిక్యూటరే అదే ఏడాది బోద్లేర్ కవితల మీద కేసు వాదించాడు, బోద్లేర్‌కి మాత్రం జరిమానా పడింది.

గోదారిగట్టు:
థాంక్సండి అందరికీ. నెక్స్ట్ ఏది మొదలెట్టమంటారు?

నైట్‌డ్యూటీ:
ఫ్లాబేర్‌దే ఒక సాదా హృదయం అని చిన్న కథ, 1877లో వచ్చింది, రెండు గంటల్లో అయిపోతుంది. ఫెలిసితే అనే పనిమనిషి జీవితమంతా, ఆవిడ చిలక లులు. బస్సులో మాత్రం చదవకండి, నేను స్టాపు దాటిపోయాను.